చోర్ జేబులో ఐదు పసుపు నోట్లు

నాలుగు నెలలు విదేశాల్లో ఒక్కదాన్నే తిరిగొచ్చానని తెలిసినవాళ్లు నన్ను రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. భయం వేయలేదా అని ఒకటి, డబ్బులు ఎలా మోసుకెళ్లావని ఇంకొకటి. మొదటిదానికి నా దగ్గర తిన్నని జవాబు లేదు. రెండోదానికి మాత్రం పెద్ద జవాబే ఉంది. అదే ఇక్కడ రాస్తున్నాను. రాస్తూ పోతే మొదటిదానికి కూడా జవాబు దొరుకుతుందేమో చూద్దాం.

నేను పటాన్‌చెరులో ఒక మాత్రల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు పనిచేశాను. స్ట్రిప్పుల మీద అచ్చయిన బ్యాచ్ నంబరు, గడువు తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టడం నా పని. మా ప్యాకింగ్ లైన్‌ను వేరే రాష్ట్రానికి తరలించాలని యాజమాన్యం అనుకున్నప్పుడు మాకు రావాల్సిన డబ్బులు ఇచ్చి పంపేశారు. చివరి రోజు ఒక ఫారం నింపమన్నారు. అందులో "అత్యవసర పరిస్థితిలో ఎవరికి తెలియజేయాలి" అని ఒక గడి. అమ్మానాన్న లేరు, తోబుట్టువులు లేరు, జోగిపేటలో నన్ను పెంచిన మేనత్త పోయి తొమ్మిదేళ్లయింది. పెళ్లి చేసుకోలేదు. గడి ఖాళీగా వదిలి ఇచ్చాను. "ఏదో ఒకటి రాయండి మేడం, ఖాళీ ఉంటే సిస్టం తీస్కోదు" అన్నాడు ఆఫీసులో కూర్చున్నాయన. నా పేరు, నా నంబరే మళ్లీ రాశాను. సిస్టం తీసుకుంది.

ఆ సాయంత్రం గదికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. నాకెవరూ లేరన్నది కొత్త విషయం కాదు, దాన్ని నా చేత్తో కాగితం మీద రాయడం కొత్త. పటాన్‌చెరులో ఒంటరిగా ఉంటే అది నా తప్పులా అనిపించేది. ఎవరూ తెలియని దేశంలో ఒంటరిగా ఉంటే కనీసం దానికో కారణం ఉంటుంది కదా అనుకున్నాను. ముప్పై తొమ్మిదేళ్లకు మొదటిసారి పాస్‌పోర్ట్ తీసుకున్నాను. వియత్నాం, కంబోడియా, లావోస్, థాయ్‌లాండ్. మొత్తం నూట ఇరవై రోజులు. టికెట్లు, వీసాలు పోను రోజుకు రెండు వేల రూపాయలు మించకూడదని లెక్క వేసుకున్నాను.

బయల్దేరే ముందురోజంతా డబ్బు సర్దుకోవడానికే పోయింది. పొద్దున ఎనిమిదింటికి పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి ఆధార్ చూపిస్తే చాలు. ముంబై హైవే మీద లారీల వెనక లారీలు, గంట పట్టింది. చౌరస్తాలో దిగి షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి బ్యాంకుకు వెళ్లాను. నా ఖాతా మొదటి నుంచీ అక్కడే. విదేశాల్లో వాడే ట్రావెల్ కార్డులో లక్షా ఇరవై వేలు వేయించుకుని, నా మామూలు డెబిట్ కార్డును కూడా బయటి దేశాల్లో పనిచేసేలా మార్పించుకున్నాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నా ఫోన్ నంబరు రెండుసార్లు చదివి వినిపించింది.

"రెండు కార్డులకు ఓటీపీలు దీనికే వస్తయి మేడం. అక్కడి సిమ్ము వేసుకున్నా గాని, ఈ నంబర్ మాత్రం బంద్ కానియ్యకుండ్రి" అంది.

"కానియ్య" అన్నాను. దారిలోనే ఫోన్ దుకాణంలో ఎనభై నాలుగు రోజుల రీచార్జ్ చేయించుకుని, రోమింగ్ కూడా పెట్టించుకున్నాను. అన్నీ ముందే చూసుకున్నానన్న గర్వం నాకు కాస్త ఎక్కువ. ఎనభై నాలుగుకూ నూట ఇరవైకీ ఉన్న తేడా మాత్రం తట్టలేదు. పదకొండేళ్లు గడువు తేదీలు చూసి సంతకాలు పెట్టిన మనిషిని, నా సిమ్ముకే గడువు చూసుకోలేదు.

మధ్యాహ్నం చందానగర్ వెళ్లాను, డాలర్లు మార్చుకోవడానికి. పాస్‌పోర్ట్, పాన్ కార్డు, విమానం టికెట్, వీసా కాగితాలు, ఈ నాలుగూ అడుగుతారు. ఆ రోజు ధరకు ఐదు వంద డాలర్ల నోట్లకు దాదాపు నలభై నాలుగు వేలయింది. ఆ దేశాల్లో మడత పడ్డవీ, చిరుగులున్నవీ, గీతలున్నవీ తీసుకోరని చదివాను. అందుకని ఒక్కో నోటు లైటుకు ఎత్తి పట్టి చూశాను. ఒకదాని మూల మీద పెన్ను చుక్కంత గీత ఉంటే వెనక్కిచ్చాను.

"మేడం, మీరు పైసలు కొననీకి వచ్చిండ్రా, పెండ్లి చీరలు ఏరనీకి వచ్చిండ్రా" అన్నాడు కౌంటర్ ఆయన. అన్నాడే గానీ నోటు మార్చి ఇచ్చాడు.

నాలుగింటికి పటాన్‌చెరు మార్కెట్ వెనక దర్జీ సలీం భాయ్ దగ్గరికి పోయాను. అరవై దాటిన మనిషి. ప్యాంటు నడుము పట్టీకి లోపలివైపు ఒక చోర్ జేబు కావాలని చెప్పాను. బయటికి కనిపించని దొంగ జేబును మావైపు అలాగే అంటారు.

"నా జమానాల బీదర్ సంతకు ఎడ్లు కొన పోయేటోళ్లు కుట్టిచ్చుకునేటోళ్లు బేటీ. ఇప్పుడెవ్వలు అడుగుతలేరు. అందరు ఫోన్‌లనే పైసలు పెట్టుకుంటున్నరు" అన్నాడు. అరగంటలో కుట్టి ఇచ్చాడు. ఎనభై రూపాయలు. జేబు మూతి కూడా కుట్టేయమని నోట్ల కవరు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. సూదిలో దారం ఎక్కించి నా చేతికిచ్చి, "మూతి నువ్వే కుట్టుకో. దాంట్ల ఏం పెట్టినవో నాకు సుత తెల్వొద్దు" అన్నాడు.

గదికి వచ్చేసరికి ఆరున్నర. నా గది ఒక కిరాణా కొట్టు పైన. కొట్టు నడిపేది అనసూయక్క, ఆమె భర్త శంకరయ్య సేటు. వాళ్లది తాతల నుంచీ వ్యాపారం చేసే ఇల్లు. సేటు వారానికోసారి బేగంబజార్ పోయి సరుకు తెస్తాడు, గల్లా దగ్గర అక్క కూర్చుంటుంది. ఆరేళ్లు వాళ్ల ఇంట్లో ఉన్నాను గానీ కిరాయి, కరెంటు బిల్లు, మోటరు, ఇంతకు మించి మా మధ్య మాటలు లేవు. ఒకసారి పది రూపాయల చిల్లర కోసం అక్క గల్లా అంతా వెతుకుతుంటే, మూలన పసుపంటిన పది నోటు ఒకటి నాకే కనిపించింది. అదివ్వమంటే, "అది ఇచ్చేది కాదు" అని నోటుకు బదులు రెండు చాక్లెట్లూ ఒక సబ్బూ చేతిలో పెట్టింది. పిసినారి అనుకున్నాను.

ఆ సాయంత్రం తాళం చెవి ఇద్దామని కొట్లోకి వెళ్లాను. అప్పుడే దీపం పెట్టినట్టున్నారు, అగరొత్తుల వాసన వస్తోంది.

"ఎన్నొద్దులు పోతున్నవ్?" అంది.

"నాలుగు నెల్లక్కా."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

ఆమె తాళం చెవి తీసుకుని మేకుకు తగిలించింది. తర్వాత, "పైసలేవి? దేవుని ముంగట పెట్టి ఇస్త, ఇటు తే" అంది. కాదంటే బాగుండదని కవరు ఇచ్చాను. లోపలికి తీసుకుపోయింది. గంట చప్పుడు వినిపించింది. వెనక్కి తెచ్చి ఇచ్చినప్పుడు కవరు ఒక మూల కొంచెం తడిగా ఉంది. పైకి వెళ్లి కవరు తెరవకుండానే చోర్ జేబులో పెట్టి మూతి కుట్టేశాను. ఫ్యాక్టరీలో సీలు విప్పిన డబ్బాను మళ్లీ చూడకుండా ఒక్కనాడూ పంపలేదు నేను. ఆ రోజు మాత్రం చూడలేదు.

ఇక ప్రయాణంలో డబ్బు సంగతి. రోజువారీ ఖర్చుకు చిన్న పర్సు, అందులో రెండు రోజులకు సరిపడా స్థానిక డబ్బు. ట్రావెల్ కార్డు ముందు సంచిలో, డెబిట్ కార్డు వీపు సంచి అడుగున సాక్స్‌లో, డాలర్లు నడుము దగ్గర. ఏటీఎం మెషీన్ రూపాయల్లో తీసుకోమంటావా, ఇక్కడి డబ్బులో తీసుకోమంటావా అని అడిగితే ఎప్పుడూ అక్కడి డబ్బులోనే అనండి, రూపాయలంటే రేటు మనకు నష్టం. చాలా మెషీన్లు తీసిన ప్రతిసారీ ఒకే రుసుము వేస్తాయి కాబట్టి కొంచెం కొంచెం కాకుండా ఒకేసారి ఎక్కువ తీయడం మేలు. వియత్నాంలో ఇరవై వేల నోటూ ఐదు లక్షల నోటూ రంగులో దగ్గరగా ఉంటాయి, మొదటి వారంలోనే ఒక కొబ్బరిబోండానికి ఐదు లక్షలు ఇచ్చేశాను. అమ్మినామె వెనకే పరుగెత్తుకొచ్చి మిగతాది నా చేతిలో పెట్టింది. ఆ రోజంతా నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే, అదీ నాకు అర్థం కాని భాషలో.

ఈ రకం ప్రయాణాల గురించి రాసేవాళ్లు పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. డబ్బు జాగ్రత్త మనిషిని ఇంకా ఒంటరిని చేస్తుంది. ఎవరైనా నవ్వుతూ దగ్గరికొస్తే నా చెయ్యి నడుము మీదికి పోయేది. వసతి గృహాల్లో అందరూ కలిసి వండుకుంటుంటే నేను సంచి వదిలి రాలేక మంచం మీదే కూర్చుని బిస్కెట్లు తినేదాన్ని. ప్రతి చోటా రిజిస్టర్‌లో అదే గడి, అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అని. ప్రతి చోటా నా నంబరే రాశాను. చేయి తిరిగిపోయింది.

తొంభై మూడో రోజు లావోస్ ఉత్తరాన నది ఒడ్డున ఒక చిన్న ఊళ్లో ఉన్నాను. మంచం అద్దె రోజుకు ఎనభై వేల కిప్‌లు, మన లెక్కలో మూడొందల పైచిలుకు. ముందురోజు మూడు మెషీన్లలో కార్డు పెట్టి చూశాను, రెండింటిలో డబ్బు లేదు, మూడోది కార్డు వెనక్కి నెట్టేసింది. ఒకే ఊళ్లో అన్నిసార్లు ప్రయత్నించేసరికి దొంగెవరో వాడుతున్నారనుకుని బ్యాంకు కార్డు ఆపేసింది. రెండు కార్డులూ ఒకే బ్యాంకువి కాబట్టి రెండూ ఒకేసారి ఆగిపోయాయి. పొద్దున ఏడున్నరకు వసతి గృహం ఇంటర్నెట్ మీద బ్యాంకుకు ఫోన్ చేస్తే, మీ నంబరుకు ఓటీపీ పంపాం, చెప్పండి అన్నారు. అక్కడి సిమ్ము తీసేసి, వేరే కవరులో దాచిన మన సిమ్ము ఫోన్‌లో వేశాను. సిగ్నల్ లేదు. ఎనభై నాలుగు రోజులు ఎప్పుడో దాటిపోయాయి. ఫోన్‌లోంచి డబ్బు కట్టే యాప్ తెరిస్తే, సిమ్ము మారింది, మెసేజ్ పంపి మళ్లీ నమోదు చేసుకోమంది. బతికిలేని సిమ్ము నుంచి మెసేజ్ ఎలా పోతుంది?

పర్సులో లక్షా పదివేల కిప్‌లున్నాయి. ఒక రాత్రి మంచానికీ ఒక గిన్నె నూడుల్స్‌కూ సరిపోతాయి. అయినా నేను కంగారుపడలేదు. చోర్ జేబు ఉంది కదా. బాత్‌రూమ్‌లోకి పోయి గోరుకత్తెరతో కుట్లు విప్పి కవరు తెరిచాను. ఐదు నోట్లకూ మూలన బొటనవేలంత పసుపు, పసుపు మీద కుంకుమ చుక్క. చెమటకు అది పాకి నోట్లలో ఉన్న బొమ్మ చెంప దాకా వచ్చింది. పెన్ను గీత ఉందని నోటు మార్పించిన మనిషిని కదా, కాసేపు నవ్వొచ్చింది. తర్వాత మండిపోయింది. అనసూయక్కను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

ఎనిమిదిన్నరకు బ్యాంకు తెరవగానే వెళ్లాను. కౌంటర్ అమ్మాయి నోటు పసుపు మీద వేలు పెట్టి రుద్ది, వేలు చూసుకుని, తల అడ్డంగా ఊపింది. డాలర్లు మార్చే బంగారం దుకాణంలోనూ అంతే. గదికి తిరిగొచ్చి ఒక నోటు సబ్బుతో కడిగాను. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని మన ఇళ్లలో తెల్లచీర కట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా కడిగాను. పసుపు నోటు కాస్తా తమలపాకు నమిలి ఉమ్మినట్టు ఎర్రగా తయారైంది. వసతి గృహం యజమానురాలు ఆ నోటు చూసి భయపడింది. "రక్తమా?" అని అడిగింది. కాదు, పసుపు అని చెప్పాను. నమ్మినట్టు లేదు.

మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో పేర్లు చూస్తూ పోయాను. నాకు కావలసింది పెద్ద సాయం కాదు. ఎవరో ఒకరు పటాన్‌చెరులో నా నంబరుకు రీచార్జ్ చేయించాలి, అంతే. గ్యాస్ ఆఫీసు, ప్యాకింగ్ సూపర్‌వైజర్, పళ్ల డాక్టర్, ఎప్పుడో మానేసిన యోగా క్లాసు. రెండు వందల ఎనభై పేర్లున్నాయి. పొద్దునపూట ఫోన్ చేసి ఒక చిన్న పని చెప్పగలిగిన పేరు ఒక్కటి లేదు. నా జీవితంలో అంత ఒంటరితనం ఎప్పుడూ అనుభవించలేదు. ఎదురుగా నది, కొండలు, ఫోటోల కోసం జనం అంత దూరం వచ్చే చోటు. నాకు ఏవీ కనపడలేదు.

చివరికి "ఓనర్ కిరాయి" అన్న పేరు దగ్గర ఆగాను. మా చాట్‌లో ఆరేళ్లుగా కిరాయి కట్టిన స్క్రీన్‌షాట్లూ, మోటరు బంద్ చేయమన్న మాటలూ తప్ప ఏమీ లేవు. అక్కడ తొమ్మిదిన్నర, మనకు ఎనిమిది. కొట్టు కిటకిటలాడే వేళ. ఇంటర్నెట్ మీద ఫోన్ చేశాను.

"ఎవలు?"

"నేనక్కా, పైన ఉండే మంజులను."

వెనక తక్కెడ చప్పుడు, ఎవరో పాలు అడుగుతున్నారు. "మంజులా? ఏడున్నవ్? అన్నం తిన్నవా?" అంది.

మూడు నెలల్లో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఏమైంది బిడ్డా? పానం మంచిగలేదా? ఎవలన్న ఏమన్నరా?"

"ఏం లేదక్కా. నా సిమ్ము బందయింది. దానికి జెర రీచార్జ్ చేపిస్తరా? వచ్చినంక పైసలిస్త."

"గంతేనా?" అంది. "గీ మాట చెప్పనీకి గింత ఏడుస్తరా? నంబర్ చెప్పు. ఆగు, కలం దొరుకుత లేదు. ఓ అన్నా, నీ జేబుల పెన్నియ్యి. ఆ, ఇగ చెప్పు."

ముప్పావుగంట తర్వాత ఆమె గొంతుతో ఒక మెసేజ్ వచ్చింది. "ఏడాది ప్లాన్ ఏపిచ్చిన. నెలనెలా నీకు యాదికుంటదా. ఏమన్న తిని పండుకో, పరేషాన్ గాకు." అది పగలు, పండుకునే వేళ కాదు. అయినా నేను ఆ గంటా మంచం మీద పడుకునే ఉన్నాను. పదకొండున్నరకు ఫోన్‌లో సిగ్నల్ గీతలు లేచాయి, పన్నెండింటికి ఓటీపీ వచ్చింది, కార్డులు తెరుచుకున్నాయి. ఏటీఎంలో డబ్బు తీసి పందిరి కింద కూర్చుని రెండు గిన్నెల నూడుల్స్ తిన్నాను. ఆ అరగంట పనికి అక్క రద్దీ వేళ కొట్టు షట్టర్ సగానికి దింపి పోయిందని నేను తిరిగొచ్చాక సేటు చెబితే తెలిసింది. పెళ్లిళ్లకు కూడా షట్టర్ దించని మనిషి ఆమె.

ఆ తర్వాతి ఇరవై ఏడు రోజులూ ఒంటరితనం పోయిందని చెబితే అబద్ధం. బస్సుల్లో పక్క సీటు ఖాళీగానే ఉండేది. వారానికోసారి అక్క నుంచి "తిన్నవా" అని మెసేజ్ వచ్చేది, "తిన్న" అని రాసేదాన్ని. పసుపు సంగతి మాత్రం చెప్పలేదు. కోపం తగ్గింది గానీ, చెబితే ఆమె మనసు కష్టపడుతుందని. ఆ నోట్లను బ్యాంకాక్‌లోనూ రెండు చోట్ల చూపించాను. తీసుకోలేదు.

తిరిగొచ్చిన రోజు శంషాబాద్ నుంచి మియాపూర్ దాకా ఎయిర్‌పోర్ట్ బస్సు, అక్కడి నుంచి పటాన్‌చెరుకు మామూలు బస్సు. ఆ వేళప్పుడు రెండున్నర గంటలు పట్టింది. ఆటో స్టాండ్ దగ్గర దిగగానే ఫ్యాక్టరీల ఘాటు వాసన. ఎప్పుడూ ముక్కు మూసుకునేదాన్ని, ఆ రోజు మూసుకోలేదు. పదకొండింటికి కొట్లోకి వెళ్లి వీపు సంచి దించాను. అక్క బెల్లం కొడుతోంది. నన్ను కిందికీ పైకీ చూసి, "సగమైనవ్" అని మేకు మీది తాళం చెవి తీసింది.

బస్సులో అనుకుంటూ వచ్చిన మాటలన్నీ మర్చిపోయి ఐదు నోట్లూ కౌంటర్ మీద పెట్టాను. "అక్కా, మీరు పసుపు పెట్టిండ్రు కదా. ఈ నోట్లు యాడ సుత చెల్లలే" అన్నాను.

ఆమె బెల్లం చెయ్యి కొంగుకు తుడుచుకుని ఒక్కో నోటూ తిప్పి చూసింది. "ఇదెందుకు ఎర్రగైంది?"

"సబ్బుతోని కడిగిన."

"పసుపును సబ్బుతోని కడుగుతరా ఎవలన్న? గింత సదువుకున్నవ్" అంది. మళ్లీ లెక్కపెట్టింది. "ఐదుకు ఐదు తెచ్చినవ్."

"ఎవ్వలు తీస్కోకుంటె తేక ఏం చెయ్యాలక్కా?"

"మరి వాటిని ఖర్సు వెట్టుమని నీకెవలు చెప్పిండ్రు?" అంది. నేను తెల్లబోయి చూస్తుంటే గల్లా తెరిచి మూలనున్న పసుపు పది నోటు చూపించింది. "మా సేటు సరుకుకు పోతుంటే దీనికి పసుపు వెట్టి జేబుల వెడ్త. ఇది ఖర్సు వెట్టేది కాదు. పోయిన నోటు మల్ల వచ్చి గల్లాల పడాలె. నోటొస్తే మనిషొచ్చినట్టు. మా అత్త గట్లనే చేసేది."

"మరి సేటుకు ఒక్క నోటే కదా. నావి ఐదిటికీ ఎందుకు పెట్టిండ్రు?"

అక్క కౌంటర్ మీద పడ్డ బెల్లం పొడిని అరచేత్తో ఒక పక్కకు తోసింది. "ఆయనకు ఇంట్ల నేనున్న, పిల్లలున్నరు. యాడికి పోయినా వస్తడు. నిన్ను రమ్మననీకి ఎవలున్నరు? ఒక్క నోటుకు పెడితే సాలదనిపించింది. అందుకే అన్నిట్కి వెట్టిన" అంది.

నేను కౌంటర్ పట్టుకుని నిలబడి ఏడ్చాను. పక్కన ఎవరో పావుకిలో కందిపప్పు అడుగుతున్నారు. అక్క ఐదు నోట్లూ గల్లాలో వేసి మూసింది. ఒక్క క్షణం ఆగి మళ్లీ తెరిచి, వాటిని తీసి నా చేతిలో పెట్టింది. "పడ్డయి. ఇగ నీ ఇష్టం, ఏమన్న చేస్కో" అని కందిపప్పు తూకం వేయడానికి తిరిగింది.

చందానగర్ ఆయన నాలుగు నోట్లు తీసుకున్నాడు, మామూలు ధర మీద డాలరుకు రెండు రూపాయలు తక్కువకు. ఎర్రది తీసుకోలేదు, అది నా దగ్గరే ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ నోట్లు లావోస్‌లో చెల్లి ఉంటే నేను ఎవరికీ ఫోన్ చేసి ఉండేదాన్ని కాదు. దర్జాగా డబ్బు మార్చుకుని, నూట ఇరవై రోజులూ ఎవరి అవసరమూ లేకుండా తిరిగొచ్చి, నాకెవరూ లేరని ఇంకాస్త గట్టిగా నమ్మి ఉండేదాన్ని. నాలుగు చోట్ల డబ్బు దాచాను గానీ, ఒక్క మనిషినైనా నమ్మి ఫలానా రోజు ఫలానా చోట ఉంటానని చెప్పలేదు. భయం వేయలేదా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. దొంగల భయం వేయలేదు, ఫోన్‌లో పేర్లు చూస్తున్నప్పుడు మాత్రం చాలా భయమేసింది. ఇప్పటికీ పైగదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. పోయిన వారం కొత్త ఉద్యోగానికి ఫారం నింపుతూ ఆ గడి దగ్గర ఆగి, కిందికి దిగి వెళ్లి అక్క ఇంటిపేరు అడిగి వచ్చాను.

మీరూ ఇలాంటి ప్రయాణం అనుకుంటుంటే ఒక్క సలహా. రెండు కార్డులు రెండు వేర్వేరు బ్యాంకులవి పెట్టుకుని, మీ సిమ్ముకు తిరిగొచ్చే తేదీ దాటేదాకా సరిపోయే రీచార్జ్ చేయించుకోండి. డాలర్లు మడవకుండా గట్టి కవరులో పెట్టండి. ఎవరైనా వాటికి పసుపు పెడతామంటే కవరు మీద పెట్టించుకోండి. వద్దని మాత్రం అనకండి.